హర్రాజులో ఒక్క కుర్చీ

అండాలమ్మ కిందపడ్డ రోజు అంబులెన్సు వాళ్లు తెచ్చిన స్ట్రెచర్ ఇంట్లోకి పట్టలేదు.

గుమ్మం వెడల్పుగానే ఉంది. చిక్కంతా గుమ్మం దాటాకే. ఎడమ పక్కన పాలరాతి బల్ల, దాన్ని ఆనుకుని నగిషీ చెక్కిన దివాన్, కుడి పక్కన ఒకదాని ముందు ఒకటిగా రెండు అల్మారాలు, వాటి చివర కోట్లు తగిలించే స్టాండు. మనిషి ఒంటిని పక్కకు తిప్పుకుని నడిస్తే సరిపోయేంత దారి మాత్రం మిగిలింది. ఆ దారిలో పొద్దున్నే స్నానానికి పోతూ, బల్ల కాలికి చెక్కిన సింహం పంజా తగిలి అండాలమ్మ పడిపోయింది. బల్లకూ దివానుకూ మధ్య ఇరుక్కుని, తుంటి మీద చెయ్యి వేసుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా మూలుగుతూ ఉంది.

చివరికి ఆమెను దుప్పటిలోకి జరిపి, నలుగురు నాలుగు కొసలు పట్టుకుని బల్ల మీదుగా ఎత్తి బయటికి అందించారు. దుప్పటి కదిలినప్పుడల్లా ఆమె అరిచింది. ఒక కొస పట్టుకున్నది ఆమె కొడుకు విద్యాసాగర్. ఆ గదిలో దారికి అడ్డంగా ఉన్న ప్రతి సామానూ అతను కొని తెచ్చిందే.

విద్యాసాగర్ ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, మూడు గదుల కిరాయి పోర్షన్‌లో తల్లితో, భార్య మనోరమతో, ఇంటర్ చదివే కూతురు సంజనతో ఉంటున్నాడు. సిగరెట్ లేదు, పేకాట లేదు. ఆదివారం పొద్దున నారాయణగూడలో పాత సామాను వేలం వేసే హర్రాజుకు పోవడం ఒక్కటే అలవాటు.

ఆ రోజుల్లో నారాయణగూడ, హిమాయత్‌నగర్‌ల పాత బంగళాలు ఒకదాని తరువాత ఒకటి కూలుతున్నాయి. వాటి స్థలంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అపార్ట్‌మెంట్ గదుల్లో పట్టని పాతకాలపు సామానంతా హర్రాజుకు వచ్చేది. తాతల కాలం నాటి మంచాలు, నిలువుటద్దాలు, గడియారాలు. పాట మొదలుపెడితే కొత్త ప్లైవుడ్ బల్ల ధరకు టేకు అల్మారా వచ్చేది. విద్యాసాగర్‌కు చెక్క మీద చెయ్యి వేస్తే చాలు, అది ఏ చెక్కో తెలిసిపోయేది. ఇంత మంచి వస్తువు ఎవడో కొని పొయ్యిలో పెడితే ఎట్లా అని అతనికి నిజంగానే బాధ కలిగేది. ఆ బాధలోనే చెయ్యి పైకి లేచేది.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని అతను ఎవరితోనూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఉప్పల్ అవతల ఎక్కడో ఒక ఇల్లు కట్టాలనుకున్నాడు. ముందు వరండా, లోపల పెద్ద హాలు, పుస్తకాలకు ఒక గది. స్థలాల ధరలు పెరిగి ఆ ఇల్లు ఏటేటా దూరం జరుగుతూ పోయింది. సామాను మాత్రం వస్తూనే ఉంది. పాలరాతి బల్ల ఆ వరండా కోసం కొన్నది. దివాన్ ఆ హాలు కోసం. లేని ఇంటి సామానంతా ఉన్న ఇంట్లోకి చేరింది.

ఆపరేషన్ అయిన సాయంత్రం, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని విద్యాసాగర్ భార్యతో అన్నాడు. "ఇంక ఏం కొన మనోరమా. ఇది ఆఖరు."

మనోరమ ఫ్లాస్కు మూత బిగిస్తూ అతనివైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అలసట ఉంది.

"ఈ మాట ఇంతకుముందు గూడ విన్న. ఇప్పుడు దాని మీద మాట్లాడే ఓపిక నాకు లేదు. అత్తమ్మ ఇంటికొచ్చేటాళ్లకు ఆమె నడిచే జాగ ఉండాలె. అంతే."

విద్యాసాగర్ మరునాడు కోఠీకి పోయి ఒక వాకర్ కొన్నాడు. ఇంటికి తెచ్చి, తల్లి పట్టుకున్నట్టే దాన్ని రెండు చేతులా పట్టుకుని, ముసలి అడుగులు వేస్తూ ఆమె మంచం దగ్గర్నుంచి బయటి గుమ్మం దాకా నడవడానికి ప్రయత్నించాడు. రెండో అడుగుకే వాకర్ స్టూలుకు తగిలింది. స్టూలు బయట పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. అల్మారాకు తగిలింది. కోట్ల స్టాండుకు తగిలింది. బల్ల దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

సంజన తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "నాన్నా, ఏం చేస్తున్నవ్?"

"వాకర్ దేనికి తాకుతదో అది ఇంట్ల ఉండొద్దు."

"అట్లయితే ఏం మిగలదు గద!"

"మిగలకపోతే మిగలకపాయె," అన్నాడు విద్యాసాగర్.

హర్రాజు నడిపే ఖదీర్ సాబ్‌కు కబురు పెట్టాడు. శనివారం తోపుడు బండి తీసుకుని హమాలీలు వచ్చారు. పాలరాతి బల్ల, దివాన్, రెండు అల్మారాలు, కోట్ల స్టాండు, ఇంకా వెనక గదిలో ఒకదాని మీద ఒకటి ఎక్కించిన చిల్లర సామాను, అన్నీ బయటికి నడిచాయి. బల్లను ఎత్తేటప్పుడు విద్యాసాగర్ ఒక చెయ్యి వేశాడు. దాన్ని బండి మీద పెట్టాక, ఆ కట్టని ఇంటి వరండా కూడా బండెక్కి పోతున్నట్టు అనిపించింది. తాడు తనే బిగించాడు.

సామాను పోయాక గది గోడల మీద అల్మారాల ఆకారంలో తెల్లటి మచ్చలు మిగిలాయి. సంజన ఆ ఖాళీలో చాప వేసుకుని, కాళ్లు బార్లా చాపి, మొదటిసారి హాల్లో కూర్చుని చదువుకుంది.

ఇక మిగిలింది ఒకటే సమస్య. అండాలమ్మ కింద కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ ఇంట్లో పాయిఖానా పెరట్లో ఉంది, పాతకాలపుది. అందుకని మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉండాలి. ఆసుపత్రిలో ఇనుప గొట్టాలతో చేసిన కుర్చీ ఒకటి ఇచ్చారు. అండాలమ్మ ఎత్తూ లావూ ఉన్న మనిషి. ఆమె కూర్చోగానే అది ఒక పక్కకు ఒరిగింది.

"ఇది ఊగుతున్నది బిడ్డా. నన్ను మళ్ల పడగొడ్తరా ఏంది?" అని ఏడ్చినంత పని చేసింది. ఆ రోజు నుంచి కుర్చీ పేరెత్తితే చాలు ఆమెకు వణుకు పట్టుకునేది. నీళ్లు తాగడం కూడా తగ్గించింది.

విద్యాసాగర్ కోఠీలో దుకాణాలన్నీ తిరిగాడు. అన్నీ అవే గొట్టాలు, అవే సన్నటి కాళ్లు. చేతితో నొక్కితే ప్రతి ఒక్కటీ కదిలింది. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. అమ్మ పడకముందు ఆదివారం హర్రాజు ఆవరణలో ఒక మూల పాతకాలపు టేకు కమోడ్ కుర్చీ చూశాడు. వెడల్పు చేతులు, మందమైన కాళ్లు, మీద మూత. ఎవరో పెద్దాయన గదిలోది.

ఆ సంగతి మనోరమకు చెప్పడానికి అతనికి మొహం చెల్లలేదు. అయినా చెప్పాడు.

"మళ్ల హర్రాజుకా?" అంది మనోరమ.

"ఆ ఒక్క కుర్చీ కోసమే."

"మీ ఒక్కటి సంగతి నాకు ఎర్కనే."

"నేను గూడ నాన్నతోని పోత," అంది సంజన.

"వద్దు," అంది మనోరమ వెంటనే. "కావలి పెడ్తే ఈ ఒక్క ఆదివారమే పని చేస్తది. ఆయనంతట ఆయన ఉండగల్గాలె." తరువాత భర్తవైపు తిరిగింది. "ఇగ చెప్తున్న. కుర్చీ గాక ఇంకోటి ఏది కనబడ్డా నేను గేటు తియ్య. దాన్ని పట్టుకొని మీరు బయటనే పండుకోండ్రి."

"సరే," అన్నాడు విద్యాసాగర్. ఆమె నవ్వుతుందేమో అని చూశాడు. నవ్వలేదు.

ఆదివారం పొద్దున హర్రాజు ఆవరణ ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. రేకుల షెడ్డు కింద వరుసగా సామాను, ముందు బెంచీలు, ఎత్తుగా వేసిన బల్ల మీద ఖదీర్ సాబ్. తలకు తెల్ల టోపీ, చేతిలో చెక్క సుత్తి.

"ఆవో సాగర్ సాబ్! మీ జాగ ముంగట్నే ఖాళీగ పెట్టిన."

ముందు వరుసలో కూర్చుంటే ఏమవుతుందో విద్యాసాగర్‌కు తెలుసు. ప్రతి వస్తువూ కళ్ల ముందుకే వస్తుంది. "ఇయ్యాల వెనక నిలబడ్త ఖదీర్ సాబ్," అని వెళ్లి గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పాట మొదలైంది. ముందు ఒక గోడ గడియారం వచ్చింది. ఖదీర్ సాబ్ దాని గంట మోగించి చూపించాడు. గొంతులోంచి వచ్చినట్టు నిండుగా మోగింది. తరువాత ఇత్తడి దీపపు స్తంభం. తరువాత పేము కుర్చీలు, ఒక్క పోగు కూడా తెగనివి. ఒక్కొక్కటి చూసినప్పుడల్లా విద్యాసాగర్‌కు చెయ్యి ఎత్తాలనిపించింది. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

అంతలో అతని పాలరాతి బల్ల వచ్చింది.

మొన్నటి దాకా ఇంట్లో పాల గిన్నెలు, న్యూస్ పేపర్లు, మనోరమ కుట్టు సామాను మోసిన బల్ల. హమాలీలు తుడిచి ఎండలో పెట్టేసరికి రాయి మెరిసిపోతోంది. ఇంత అందంగా ఉండేదా ఇది అని అతనే ఆశ్చర్యపోయాడు. పాట నెమ్మదిగా సాగింది. ఇద్దరే పాడుతున్నారు. అందులో ఒకడు రాయిని గోటితో గీకి, పెదవి విరిచి ఊరుకున్నాడు. పాట ఆగిపోయింది. ఆ రాయి విలువలో నాలుగో వంతు కూడా పలకలేదు.

"సాగర్ సాబ్, మీ మాల్ ఇట్ల పోతున్నది, చూస్తున్నరా?" అని ఖదీర్ సాబ్ అక్కడి నుంచే అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు. ఒక్క మాట అంటే చాలు. తన వస్తువును తానే కాపాడుకున్నట్టు అవుతుంది. జేబులోంచి కుడి చెయ్యి బయటికి వచ్చింది కూడా.

విద్యాసాగర్ గేటు దాటి రోడ్డు మీదికి పోయాడు. ఎదురుగా ఇరానీ హోటల్లో ఒక చాయ్ చెప్పి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సుత్తి దెబ్బ అక్కడికి కూడా వినిపించింది. చాయ్ పూర్తిగా తాగాకే లేచాడు.

తిరిగి వచ్చేసరికి భోజనం విరామం ఇచ్చారు. సామాను చూసుకోవడానికి అదే సమయం. విద్యాసాగర్ నేరుగా ఆ మూలకు పోయాడు. కుర్చీ అక్కడే ఉంది. కానీ దాని పక్కన ఇంకొకటి ఉంది. రెండింటికీ కలిపి ఒకే చీటీ అంటించారు.

అది పుస్తకాల బీరువా. రోజ్‌వుడ్. మనిషికంటే ఎత్తు, అద్దాల తలుపులు, లోపల ఎత్తు మార్చుకునే అరలు. పైన సన్నగా చెక్కిన తీగ. తలుపు తీస్తే చప్పుడు లేదు. తాళం తిప్పితే మెత్తగా పడింది. పుస్తకాల గదిని తలుచుకున్నప్పుడల్లా విద్యాసాగర్ ఇన్నేళ్లూ చూసింది దీన్నే. ఇలాంటిది కాదు, దీన్నే.

"రెండూ ఒకే పాట సాబ్," అన్నాడు ఖదీర్ సాబ్ దగ్గరికి వచ్చి, పళ్లలో పుల్ల ఆడించుకుంటూ. "ఒకే పెద్దాయన రూములయి. ఉత్త కుర్సీ ఎవడు కొంటడు? అందుకే ఇంటోళ్లు బీరువాకు కలిపి అమ్ముమన్నరు."

"కుర్చీ నేను కొంట అంటున్న గద. విడగొట్టు."

"ఇంటోళ్లకు జబాన్ ఇచ్చిన సాబ్, మాట తప్ప. రెండూ కలిపే." ఖదీర్ సాబ్ బీరువా మీద అరచేత్తో తట్టాడు. "మీ ఖిస్మత్ మంచిగున్నది. కుర్సీ కోసం వస్తె ఇది దొరికింది. తీస్కపోండ్రి!"

అతను వెళ్లిపోయాక విద్యాసాగర్ బీరువా ముందు నిలబడ్డాడు. ఇది తను కోరి వెతుక్కుంటూ వచ్చింది కాదు. మీదికి వచ్చి పడింది. అమ్మకు కుర్చీ కావాలి, కుర్చీ కావాలంటే ఇది తీసుకోక తప్పదు. మనోరమ మాత్రం ఇంకో దారి ఏం చెబుతుంది? అల్మారా పోయిన గోడ ఖాళీగా ఉంది. వెడల్పు సరిగ్గా సరిపోతుంది. వాకర్‌కు అడ్డం కూడా రాదేమో. చాచిన వేళ్లతో బీరువాను ఈ కొస నుంచి ఆ కొసకు జానలతో కొలిచాడు. లోతు కొలిచాడు. వంగి అడుగు భాగం చూశాడు, చెద పట్టిందేమో అని. పట్టలేదు.

లేచి నిలబడేసరికి మోకాలు కుర్చీ చేతికి తగిలింది.

అప్పుడు గానీ అతనికి తట్టలేదు. కుర్చీని ఇంతవరకూ ముట్టుకోలేదు. అది ఊగుతుందో లేదో చూడలేదు. దాని ఎత్తు అమ్మకు సరిపోతుందో లేదో చూడలేదు. ఇంత దూరం వచ్చింది దానికోసం. కొలిచింది మాత్రం బీరువాను.

చుట్టూ చూశాడు. ఎవరూ అతన్ని పట్టించుకోవడం లేదు. కుర్చీని ఎండలోకి లాగి, మూత వేసి, దాని మీద కూర్చున్నాడు. అటూ ఇటూ ఒరిగాడు. బలమంతా పెట్టి ఒక చేతి మీద వాలాడు. కుర్చీ కదల్లేదు. పాదాలు నేలకు సరిగ్గా ఆనాయి. అమ్మ తనకంటే కొంచెం పొట్టి. కాళ్లను ఒక వేలెడు కోయిస్తే సరిపోతుంది. ఆ కుర్చీలోనే కూర్చుని ఆలోచించాడు. బీరువా వద్దు. కుర్చీ కావాలి. అయితే బీరువా కావలసినవాణ్ణి పట్టుకోవాలి, పాట మొదలయ్యేలోపే.

లేచి, సామాను చూస్తున్నవాళ్లను ఒక్కొక్కరినీ పలకరించాడు. ఒకాయన గడియారాలు తప్ప కొనడు. ఒక జంటకు నిలువుటద్దం కావాలి. పాత సామాను వ్యాపారి ఒకడు బీరువాను చూసి, అద్దాలు తీసేసి చెక్క వరకు అమ్ముకుంటానన్నాడు. విద్యాసాగర్ ఒళ్లు జలదరించి అక్కణ్ణుంచి జరిగాడు.

ఇనుప మంచాల దగ్గర లుంగీ మీద చొక్కా వేసుకున్న ఒక బలమైన మనిషి మంచాలు లెక్కబెట్టుకుంటున్నాడు. పేరు రాఘవేందర్. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు హాస్టల్ నడుపుతున్నాడు.

"బీరువానా? నాకెందుకన్నా? మా పోరగాళ్లకు మంచం, ఫ్యాను ఉంటే చాలు."

"పుస్తకాలు ఏడ పెట్టుకుంటరు?"

"మంచం కింద. నెత్తి కింద." రాఘవేందర్ నవ్వాడు. "కిందటి వానలకు మస్తు తడిసినయనుకో."

"ఒక్కసారి వచ్చి చూడు తమ్మీ. నచ్చకపోతే పో."

విద్యాసాగర్ అతన్ని బీరువా దగ్గరికి తీసుకొచ్చి చూపించడం మొదలుపెట్టాడు. చెక్క ఎందుకు వంగదో చెప్పాడు. అరలు ఎలా జరుపుకోవచ్చో జరిపి చూపించాడు. తలుపు తీసి వేసి, చప్పుడు వినమన్నాడు. వానాకాలం తేమ లోపలికి పోకుండా తలుపు అంచుకు ఎట్లా గాడి తీశారో వేలు పెట్టి చూపించాడు. చెబుతున్న కొద్దీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది. ఒక్కొక్క మంచి మాట చెప్పినప్పుడల్లా ఆ బీరువా మీద కోరిక ఇంకాస్త పెరుగుతోంది. అయినా ఆపలేదు. ఏదీ దాచుకోలేదు.

రాఘవేందర్ కళ్లు చిన్నవి చేసి చూశాడు. "ఇంత మంచిదైతే నువ్వే తీస్కోవచ్చు గద అన్నా? ఏమన్న లొసుగు ఉన్నదా దీంట్ల?"

"లొసుగు దీంట్ల లేదు. నాలోనే ఉన్నది," అన్నాడు విద్యాసాగర్. "ఇసుంటియి కొని కొని ఇల్లు నింపిన. మా అమ్మకు నడిచే దారి లేకపాయె. పడి తుంటి ఇరగ్గొట్టుకున్నది. ఈ కుర్చీ ఆమె కోసం. నాకు ఇది ఒక్కటే కావాలె. బీరువా నా ఇంటికి వద్దు."

రాఘవేందర్ బీరువా తలుపు తనే ఒకసారి తీసి, మళ్లీ వేశాడు.

"సరే అన్నా. పాట నేను పాడ్త. కుర్చీ నీది, దాని పైసలు ఎంతనో నువ్వే చెప్పి ఇయ్యి."

పాటలో పాత సామాను వ్యాపారి గట్టిగానే పోటీకి వచ్చాడు. రాఘవేందర్ ఒకచోట తటపటాయించి వెనక్కి తిరిగి చూశాడు. విద్యాసాగర్ తల ఊపాడు. రాఘవేందర్ ఇంకో పాట పాడాడు. వ్యాపారి విసుక్కుని చెయ్యి దించేశాడు. సుత్తి పడింది.

పని అంతటితో అయిపోలేదు. బీరువాను అశోక్‌నగర్ చేర్చే బండిలోనే కుర్చీ కూడా ఎక్కించారు, అది చిక్కడపల్లి దారే కదా అని. హాస్టల్ సందులో బండి ఆగగానే పిల్లలు పది మంది దాకా బనియన్ల మీదనే దిగివచ్చారు. హాస్టల్ మొదటి అంతస్తులో ఉంది. బీరువాను మెట్ల మలుపు దాకా ఉత్సాహంగా మోశారు. అక్కడ ఇరుక్కుంది. నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు. గోడ సున్నం రాలింది గానీ బీరువా తిరగలేదు. మళ్లీ కిందికి దించేశారు.

రాఘవేందర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఇది పైకి రాదన్నా. ఇగ కింద పెట్టే జాగ గూడ లేదు. ఒక పని చెయ్యి. ఇది నీకు రాసి పెట్టి ఉన్నట్టున్నది. బండి ఎట్లైన అటే పోతున్నది గద, తీస్కపో. పైసలు నెమ్మదిగ ఇయ్యి, పరేషాన్ గాకు."

ఆ మాట వినగానే విద్యాసాగర్‌కు గుండె ఒక్కసారి ఎగిరింది. తను ప్రయత్నం చేశాడు. చేయవలసినంతా చేశాడు. అయినా అది తన దగ్గరికే వస్తానంటోంది. మనోరమకు ఏం చెప్పాలో మాటలు కూడా వాటంతట అవే వరుస కట్టాయి. తన మనసు ఎంత సంతోషంగా ఎగిరిందో చూసి అతనికే భయం వేసింది.

"స్క్రూడ్రైవర్ ఉన్నదా?" అని అడిగాడు.

"ఎందుకన్నా?"

"ఆ కాలపు బీరువాలు మూడు ముక్కలుగ విడ్తయి. పైది, నడిమిది, అడుగుది. ఉంటే తే."

ఒక పిల్లవాడు ఎక్కణ్ణుంచో తెచ్చి ఇచ్చాడు. విద్యాసాగర్ చొక్కా విప్పి బండికి తగిలించి, నేల మీద కూర్చున్నాడు. ముందు అరలు బయటికి తీశాడు. తరువాత తలుపులు ఊడదీసి గోడకు ఆనించాడు. పాత మరలు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. కొబ్బరినూనె అడిగి, ఒక్కొక్క దాని మీద చుక్క వేసి, నానేదాకా ఆగి తిప్పాడు. ఒక మర అరచేతిని కోసింది. రుమాలు చుట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "రేపు వడ్రంగి ఆయనను పిలుస్త, నువ్వు పో అన్నా," అని రాఘవేందర్ రెండు మూడు సార్లు అన్నాడు. విద్యాసాగర్ తల ఎత్తలేదు. రేపు అంటే ఈ రాత్రికి ఇది ఎక్కడ ఉంటుందో అతనికి తెలుసు.

ఎండ తగ్గేసరికి పై భాగం ఊడి వచ్చింది. అడుగు భాగం సుత్తితో తట్టగానే జారింది. పిల్లలు మూడు ముక్కలనూ, తలుపులనూ మెట్ల మీదుగా పైకి మోసుకుపోయారు. విద్యాసాగర్ పైకి వెళ్లి, హాల్లో కిటికీకి దూరంగా పొడి గోడ చూసి, మళ్లీ కలిపి నిలబెట్టాడు. తలుపులు బిగించి, ఒకసారి వేసి చూశాడు. చప్పుడు లేదు. అతను ఇంకా పక్కకు జరగకముందే పిల్లలు మంచాల కింది నుంచి పుస్తకాలు తెచ్చి అరల్లో పేర్చుకోవడం మొదలుపెట్టారు. పై అర నాది అంటే నాది అని ఇద్దరు కొట్లాడుకుంటున్నారు.

మెట్లు దిగి, బండి దగ్గరికి వచ్చి, చొక్కా తొడుక్కున్నాక ప్యాంటు జేబులో చెయ్యి పెడితే బీరువా తాళంచెవి తగిలింది. ఎప్పుడు వేసుకున్నాడో గుర్తు లేదు. మళ్లీ మెట్లెక్కి, రాఘవేందర్ చేతిలో పెట్టి వచ్చాడు.

చిక్కడపల్లి సందులోకి బండి తిరిగేసరికి మనోరమ గేటు దగ్గరే నిలబడి ఉంది. బండి మీద ఉన్న కుర్చీని చూసింది. తరువాత బండి వెనక సందు చివరి దాకా చూసింది.

"ఎన్క ఇంకో బండి వస్తున్నదా?"

"లేదు."

"మరి ఇంతసేపు ఏం చేసిన్రు? చెయ్యికి ఏమైంది?"

"చెప్త. ముందు ఇది దించుకోవాలె."

మనోరమ గేటు రెండు రెక్కలూ తెరిచింది. కుర్చీని వాకిట్లో దించగానే పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. మూత వేసి కూర్చుంది. పక్కకు ఒరిగింది. "గట్టిగున్నది," అంది లేస్తూ. బక్కెట్లో ఫినాయిలు కలిపి, పీచు తీసుకుని, ఆ సాయంత్రమే దాన్ని రుద్ది కడిగింది. అతను నీళ్లు పోస్తూ జరిగిందంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె పీచు పక్కన పెట్టి, అతని అరచేతికున్న రుమాలు విప్పి చూసి, పసుపు తేవడానికి లోపలికి పోయింది.

అండాలమ్మ ఇంటికి వచ్చిన రోజు ఆటో దిగి, వాకర్ పట్టుకుని, గుమ్మంలో ఆగిపోయింది. "ఎవరింటికి తెచ్చిన్రు నన్ను?" అంది. సంజన పగలబడి నవ్వింది. అండాలమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ తన మంచం దాకా పోయింది. వాకర్ దేనికీ తగల్లేదు. కాళ్లు వేలెడు కోయించిన కుర్చీని మొదట నమ్మలేదు. మంచం పట్టె వదలకుండా దాని మీద కూర్చుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది. తరువాత రెండోది.

ఆ తరువాత ఆదివారాలు విద్యాసాగర్‌కు తేలిగ్గా గడవలేదు. పొద్దున తొమ్మిది కొట్టేసరికి కాళ్లు నారాయణగూడవైపు లాగేవి. ఆ సమయానికి తల్లిని నడిపించే పని పెట్టుకున్నాడు. గది నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి గదికి. ఆమె విసుక్కునేది, ఇతను వినేవాడు కాదు. కొన్ని వారాల్లో వాకర్ పోయి చేతికర్ర వచ్చింది.

చలికాలంలో ఒకనాడు ఖదీర్ సాబ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. హిమాయత్‌నగర్‌లో ఒక బంగళా నుంచి ఉయ్యాల బల్ల వచ్చిందని, ఇత్తడి గొలుసులకు నెమళ్లు ఉన్నాయని, సాగర్ సాబ్ చూడకుండా పాట పెట్టబుద్ధి కావడం లేదని చెప్పాడు. ఆదివారం విద్యాసాగర్ మనోరమకు చెప్పే బయలుదేరాడు. "చూసి వస్త," అన్నాడు. మనోరమ అతని మొహంలోకి చూసి, "పోయి రండ్రి," అంది.

గంట కాకముందే తిరిగి వచ్చాడు. అండాలమ్మ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఎట్లున్నది బిడ్డా ఉయ్యాల?"

విద్యాసాగర్ పక్కన కూర్చుని చెప్పాడు. నెమళ్లు ఎంత సన్నగా పోతపోశారో, బల్ల అంచులు ఎన్నేళ్ల చేతులు పట్టుకుని నునుపెక్కాయో, ఒకసారి ఊపితే ఎంతసేపు ఊగిందో. అండాలమ్మ రాళ్లు ఏరడం ఆపి విన్నది.

"ఎవరు కొన్నరు?"

"తెల్వదమ్మా. పాట మొదలు కాకముందే వచ్చిన."

"మంచిగ చేసినవ్," అని ఆమె చేట పక్కన పెట్టింది. "జర చెయ్యియ్యి. ఇయ్యాల సందు చివరి దాంక పోదాం."